తగ్గిన మూడు ఔన్సులు

తెలివి తక్కువోళ్లను నేను జీవితంల చానమందిని చూసిన. బడిపంతులును గనుక అది నా కొలువుల భాగమే. తెలియనోని మీద నాకు ఎన్నడూ కోపం రాలే. తెలియనోనికి చెప్పుతందుకే సర్కారు నాకు జీతమిచ్చింది. కానీ తెలియనితనం మీద కుర్చీ ఏసుకొని కూసున్నోన్ని చూస్తే మాత్రం ఇప్పటికీ కోపమొస్తది. అసోంటి ఒక మనిషి గురించి, ఆయన చేతుల నలిగిన ఇంకో మనిషి గురించి రాస్తున్న. ఇద్దరి పేర్లూ రాయను. ఒకరికి పేరు దక్కే అర్హత లేదు. ఇంకొకరు పేరు రాస్తే నొచ్చుకునే మనిషి.

ఆంధ్రప్రదేశ్ అయిన రెండు మూడేండ్లకు నేను ఆదిలాబాద్ జిల్లాల ఒక తాలూకా ఊర్లె హైస్కూల్ సైన్సు పంతులుగ ఉన్న. మా సొంతూరు మెట్‌పల్లి దిక్కు, మాది సాలోళ్ల ఇల్లు. బాపు మగ్గం నేస్తుంటే అవ్వ నూలుకు గంజి పెట్టేది. ఉత్త నీళ్లు దించినంక జల్ది చల్లారేటియి. గంజి మాత్రం శానసేపు చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఎందుకట్ల అని అడిగితే, "నీళ్లల్ల ఏదన్న కలిసినంక ఇగ అయి నీళ్లు కావు బిడ్డా, వాటి గుణమే వేరు" అన్నది అవ్వ. నేను సైన్సు దిక్కు మొగ్గుడు గక్కడ మొదలైందనుకుంట. తర్వాత హైదరాబాదుల ఉర్దూల సైన్సు చదివిన. వేడిని హరారత్ అని, నీళ్లల్ల ఏదన్న కరిగితే అయ్యేదాన్ని మహ్లూల్ అని నేర్చుకున్న. జమానా మారినంక అదే పాఠాన్ని ఇంగ్లీషుల చెప్పిన, ఇంకొన్నాళ్లకు తెలుగుల చెప్పిన. మూడు భాషలల్ల కూడా నీళ్లు ఒక్క తీరుగనే మసిలినయి.

మా ఇంటెదురుంగ ఆ ఊరి దవాఖాన కంపౌండర్ ఉంటుండె. యాభై దాటిన మనిషి, తెల్ల గడ్డం, ఐదు పూటల నమాజు తప్పనోడు. నిజాం కాలంల కొలువుకెక్కిండు. నేను ఆయనను చాచా అనేటోన్ని, ఆయన నన్ను మాస్టర్ సాబ్ అనేటోడు. పొద్దుగూకంగ ఇద్దరం ఆయన అరుగు మీద చాయ్ తాగేది. ఆయన బట్టలల్ల ఎప్పుడూ దవాఖాన స్పిరిటు వాసన ఉంటుండె. సూది వేసే ముందు తోలు తుడిచే మందు అది. మసీదుకు పోయే ముందు మోచేతుల దాక సబ్బు పెట్టి కడుక్కునేటోడు, అయినా పోకపోయేది. "అల్లాకు తెలుసు గిది నౌకరీ వాసన అని" అని నవ్వేటోడు.

ఆ స్పిరిటు పెద్ద పీపాలల్ల మస్తు ఘాటుగ వచ్చేది. దానిల సగానికి సగం నీళ్లు కలిపి సీసాలల్ల పోసుడు కంపౌండర్ పని. చాచా పద్ధతి చాన సులువు. సీసాకు సగం కాడ ఒక గీత, మెడ కాడ ఒక గీత గోకి పెట్టుకున్నడు. కింది గీత దాక స్పిరిటు పోసి, పై గీత దాక నీళ్లు నింపి, జర ఆగి, నీళ్లు కిందికి దిగితే మళ్లొకసారి నింపేటోడు. ముప్పై ఏండ్లు అట్లనే చేసిండు. ఏ సీసా తక్కువ రాలే, ఏ పుండూ చీము పట్టలే.

ఒకనాడు జిల్లా నుంచి కొత్త తనిఖీ అధికారి వచ్చిండు. కోస్తా దిక్కు మనిషి. అది ఆయన తప్పని నేను అంటలేను. మా బడిల లెక్కల సారుది కూడా గుంటూరు దిక్కే, బంగారం అసోంటి మనిషి. ఈ అధికారికి ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, జేబుల రెండు కలాలు ఉండె, మాట్లాడితే ఎదుటోని నెత్తి మీదికెల్లి గోడను చూసే అలవాటు ఉండె. నాకు తెలిసినంతల ఆయనకున్న శాస్త్రం అంతా గా రెండు కలాలల్లనే ఉండె. చాచా సీసాకు గీత దాక నీళ్లు నింపుతుంటే చూసి ఆగిండు.

"ఏమిటయ్యా ఇది? అందాజాగా పోస్తున్నావా? ఇది ఆసుపత్రా, కల్లు దుకాణమా?" అన్నడట.

"హుజూర్, గీత ఉన్నది" అన్నడట చాచా.

"గీతలు గోడ మీద గీసుకో. ఇకనుంచి కొలగ్లాసుతో యాభై ఔన్సులు స్పిరిటు, యాభై ఔన్సులు నీళ్లు కొలిచి పోయాలి. సీసా మీద నూరు అని రాసి మైనం ముద్ర వేయాలి. అర్థమైందా? మీ నిజాం రోజులు పోయాయి."

చాచా హుకుం తప్పనోడు. అప్పటి నుంచి కొలిచి పోసిండు, నూరు అని చీటీ అంటించిండు, మైనం కరిగించి బిరడా మీద ముద్ర వేసిండు. సీసా నిండకుండ జర వెలితిగ కనబడ్డది. ఆయనకు అనుమానం వచ్చింది గానీ, పెద్దసారు చెప్పిన తీరున చేసినప్పుడు అనుమానంతో తనకేం పని అనుకున్నడు.

రెండు నెలలకు ఆ అధికారి మళ్లా వచ్చిండు. ముద్రలు తీయించి ఒక్కో సీసాను తన ముంగటనే కొలిపించిండు. ప్రతి సీసా నూరుకు తొంభై ఏడే వచ్చింది. ఆరు సీసాలు, ఆరింట్ల గంతే.

ఆయన లేచి నిలబడి, మందుల కోసం వరుసల ఉన్న జనం అందరూ వినేటట్టు అన్నడు: "గడ్డం పెంచి నమాజు చేస్తావు, ఆసుపత్రి స్పిరిటు తాగుతావు. సిగ్గులేదూ?"

గా మాట మధ్యాహ్నానికి బజారుకు చేరింది, పొద్దుగూకే వరకు మసీదుకు చేరింది. ఆ రోజు అరుగు మీదికి చాయ్ రాలే. నేనే లోపలికి పోయిన. చాచా గోడకానుకొని కూసున్నడు, మోకాళ్ల మీద రెండు చేతులు.

"మాస్టర్ సాబ్, ఒక్క మాట చెప్పు. నేను కొలిచిన. ఈ చేతులతోటే కొలిచిన. యాభై పోసిన, యాభై పోసిన. మూడు ఔన్సులు ఏడ పోయినయి?"

నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది, వెంటనే ఆ నవ్వుకు సిగ్గేసింది. ఎందుకంటే జవాబు నాకు తెలుసు. కాలేజీల రెండో ఏడు పాఠం అది.

"ఏడికీ పోలే చాచా. రేపు బడికి రా, చూపిస్త" అన్న.

తెల్లారి బడి వదిలినంక ఇద్దరం ప్రయోగశాలల తలుపేసుకున్నం. గీతలున్న మెజరింగ్ జార్ల యాభై గీత దాక స్పిరిటు, ఇంకోదాంట్ల యాభై దాక నీళ్లు పోసిన. రెండిటినీ నూరు గీతల జార్ల కలిపిన. బుడగలు లేచినయి, లోపల సన్నటి పొగమంచు తీరు కనబడ్డది. "పట్టుకో" అన్న. చాచా పట్టుకొని "గరం ఉన్నది!" అన్నడు. పొయ్యి లేదు, దీపం లేదు, జార్ గోరువెచ్చగ అయింది. జర సేపు చూసినం. చల్లారిన కొద్దీ మట్టం దిగింది. చివరికి తొంభై ఏడు కాడ నిలబడ్డది.

నాకు తెలిసినంత మటుకు ఆయనకు చెప్పిన. నీళ్ల అణువులు ఒకదాన్నొకటి చేతులు పట్టుకొని మధ్యల జాగలిడుస్తయి. స్పిరిటు వచ్చి కలిస్తే పాత పట్టు సడలి కొత్త పట్టు పడుతది, రెండూ మునుపు ఉన్నకంటె దగ్గరికి జరుగుతయి. ఆ కొత్త పట్టు బిగుసుకునేటప్పుడు లోపలి హరారత్ బయటికొస్తది. బరువు ఒక్క గురిగింజ కూడా తగ్గది. పట్టే జాగ ఒక్కటే తగ్గుతది. ఒక్క స్పిరిటే కాదు, చక్కెరైనా ఇంకేదైనా నీళ్లల్ల కరిగితే ఆ నీళ్లు మసిలే వేడి, గడ్డకట్టే చలి, పట్టే జాగ అన్నీ ఎంతో కొంత మారుతయి.

చాచా ఆ జార్‌ను శానసేపు చూసిండు. "ముప్పై ఏండ్లు కలిపిన, గిది నాకు తెలవకపాయె. కానీ నా గీతకు తెలుసు" అన్నడు. నిజమే. పై గీత దాక నింపినన్ని రోజులు ఆ మూడు ఔన్సుల జాగల నీళ్లు వచ్చి కూసున్నయి. తక్కువ వచ్చింది తనిఖీ సారు శాస్త్రం మొదలైనంకనే.

నేను నేరుగ దవాఖాన డాక్టరు కాడికి పోయిన. మంచి చదువరి, హస్తవాసి ఉన్న డాక్టరు. విషయం చెప్తే తలూపిండు.

"తెలుసు మాస్టారూ. నేనూ చదువుకున్న గద."

"తెలిస్తే మరి చెప్పకపోతిరి? మీ కంపౌండర్‌ను దొంగ అన్నడు, తాగుబోతన్నడు."

ఆయన బల్ల మీద పేపరు బరువును ఇటు నుంచి అటు జరిపిండు. "పై అధికారికి పాఠం చెప్పితే బాగుంటదా? నాకు ఈ ఏడు పదోన్నతి ఉన్నది. ఆయన పెట్టే విచారణల ఆయనే తెలుసుకుంటడు లెండి."

అధికారి తెలివి లేనోడు. డాక్టరు తెలివి ఉండీ లేనట్టు నటించేటోడు. ఇద్దర్ల ఎవరు హీనం అని నన్ను అడిగితే నేను తడుముకోను. తెలివి లేనోనికి కనీసం ఒక సాకు ఉంటది.

విచారణ రోజు నేను బడికి సెలవు పెట్టి, జార్లను బట్టల చుట్టుకొని దవాఖానకు పోయిన. అధికారి నన్ను పైనుంచి కిందికి చూసిండు.

"మీరెవరు?"

"సైన్సు టీచర్ను. ఆ మూడు ఔన్సులు ఎటు పోయినయో చూపిస్త. పావుగంట పని."

"నాకు సైన్సు మీరు చూపిస్తారా? ఎక్కడ చదివారు?"

చెప్పిన.

"ఓహో, ఉర్దూలో చదివిన సైన్సా!" అని పక్కనున్న తన గుమాస్తా దిక్కు చూసి నవ్విండు. గుమాస్తా కూడా నవ్విండు, ఆయనకు జీతం దానికే. డాక్టరు కిటికీల నుంచి బయటికి చూస్తుండు.

నేను జార్లు విప్పి కలిపి చూపించిన. మొదట తొంభై ఏడున్నర, చల్లారినంక తొంభై ఏడు. ఆయన వంగి కూడా చూడలే.

"మీ గొట్టం తప్పు. లేదా ఆవిరైపోయింది. ఇది పిల్లలకు చూపించే గారడీ. నూరు పోస్తే నూరు రావాలి, అది లెక్క. ఒకటీ ఒకటీ రెండు కాదంటారా?"

దవాఖాన ఆయమ్మ తలుపు కాడ చీపురు పట్టుకొని నిలబడ్డది. గోండుగూడెం దిక్కు నుంచి వచ్చిన ముసలమ్మ, అక్షరం ముక్క రానిది. అడగకుండనే అన్నది: "సారూ, మానికెడు జొన్నలల్ల మానికెడు నువ్వులు కల్పితే రెండు మానికెలైతయా? నువ్వులు సందులల్లకు పోతయి గద."

నువ్వులు కలిపితే జొన్నలు వేడెక్కయి గనుక ఆ పోలిక పూరాగ సరి కాదని నాకు తెలుసు. అయినా ఆ గదిల కుర్చీలల్ల కూసున్న ముగ్గురి కంటె చీపురు పట్టుకున్న మనిషి నిజానికి దగ్గర ఉన్నది. అధికారి ఆమెను బయటికి పొమ్మన్నడు. ఆమె తలుపు అవుతలికి ఒక్క అడుగు వెనుకకు వేసి గక్కడనే నిలబడ్డది.

అప్పుడు చాచా ముంగటికొచ్చిండు. అప్పటిదాక తలొంచుకొని ఉన్నడు. చేతులు కట్టుకొని మెల్లగ అన్నడు:

"హుజూర్, మాస్టర్ సాబ్ గొట్టం తప్పనుకోండ్రి. నా చెయ్యి తప్పనుకోండ్రి. దవాఖాన కొలగ్లాసు ఉన్నది. మీ చేతులతోటే కలపండ్రి. నేను దూరం నిలబడత."

కాదంటే బాగుండదని ఆయనకు కూడా తెలిసింది. చొక్కా చేతులు మడిచిండు. యాభై ఔన్సుల స్పిరిటు కొలిచిండు, కండ్లు గీతకు సమంగ పెట్టి మరీ చూసిండు. యాభై ఔన్సుల నీళ్లు కొలిచిండు. పెద్ద సీసాల పోసి, బిరడా బిగించి, తనే ఊపిండు. సీసా వెచ్చగ తగిలి చెయ్యి ఒక్కసారి వెనుకకు తీసిండు. అది నేను చూసిన. చల్లారేదాక అందరం కూసున్నం. తర్వాత తనే మళ్లా కొలిచిండు. ఒకసారి కొలిచి, నమ్మక, ఇంకోసారి కొలిచిండు.

మూడు ఔన్సులు తక్కువ.

చాచా ఎంతో మర్యాదగ, దవాఖానల రోగిని అడిగినట్టు అడిగిండు:

"హుజూర్, మీరు ఎంత పుచ్చుకున్నరు?"

తలుపు అవుతల ఆయమ్మ పకపక నవ్వింది. డాక్టరుకు దగ్గొచ్చింది. అధికారి ముఖం మోదుగ పువ్వు తీరు ఎర్రగయ్యింది. నేను జీవితంల చూసిన ప్రయోగాలల్ల గంత చక్కగ ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు.

నిజం తేలింది గద, ఇగ ఏమైతది అనుకుంటరు చదివేటోళ్లు. నేను కూడా అప్పుడు ముప్పై ఏండ్లోన్ని, గట్లనే అనుకున్న. పది రోజులకు కాయిదం వచ్చింది. స్పిరిటు తాగిండన్న మాటే దాంట్ల లేదు. ఉన్నదల్లా 'పై అధికారి పట్ల అమర్యాద' అని. శిక్షగ ఉట్నూరు అవుతల అడవిల ఉన్న చిన్న దవాఖానకు బదిలీ. కింద సాక్షి సంతకం డాక్టరుది. అందమైన సంతకం, ఒక్క అక్షరం వణకలే.

నాకు కూడా హెడ్‌మాస్టర్ నుంచి ఒక మెమో వచ్చింది. ఇంకో శాఖ పనిల తలదూర్చినందుకు, బడి సామాను బయటికి తీసుకపోయినందుకు. నేను జవాబుల ఆ ప్రయోగం గురించి రెండు పేజీలు రాసిన. వట్టి బేకారు పని. ఎవరూ చదవలే.

ఇంకా ఉన్నది. కొన్ని నెలలకు జిల్లాల ఉన్న దవాఖానలన్నిటికీ ఒక సర్క్యులర్ వచ్చింది. డాక్టరే నాకు చూపించిండు, ఏదో తమాషా చూపించినట్టు. స్పిరిటు నీళ్లు కలిపినప్పుడు నూటికి మూడు ఔన్సులు తగ్గడం సహజమని 'అధికారిగారు స్వయంగా జరిపిన పరిశీలనలో తేలింది' అట, కనుక తక్కువ వస్తే ఎవరినీ బాధ్యులను చేయవద్దట. నేను ఆ కాయిదాన్ని రెండుసార్లు చదివిన. కొందరు దొంగతనం చేసి తప్పించుకుంటరు. ఈయన లేని దొంగతనం మోపి, అది లేదని తేలినంక ఆ తేల్చినదాన్ని కూడా దొంగిలించిండు. తర్వాత ఆయనకు పదోన్నతి అయ్యిందని విన్న. ఆశ్చర్యపోలే.

చాచాను చూసుటానికి నేను ఏడాదికి పోయిన. బస్సు దిగి ఎడ్లబండి మీద పోవాలె. వెదురు తడికెల దవాఖాన, బయట జ్వరాల జనం. ఆయన చిక్కిపోయిండు గానీ చేతులు గట్టిగనే ఉన్నయి. గోండు మాటలు నేర్చుకుంటుండు. చాయ్ పోసిండు. నేను సర్క్యులర్ గురించి చెప్పిన, కోపం వస్తదనుకున్న.

"మంచిదే. ఇంకో కంపౌండర్‌ను ఎవరూ ఏమనరు" అన్నడు.

"మీకు ఎట్లనో అనిపిస్తలేదా చాచా?"

"నౌకరీ గురించి ఫికర్ లేదు మాస్టర్ సాబ్. అడవి అయితే అడవి. కానీ ఆ ఊర్లె చివరి నెల నేను మసీదుల వెనుక వరుసల నిలబడ్డ. ముంగట నిలబడితే పక్కోడు నా చెయ్యి వాసన చూస్తడేమో అనిపించేది. ఒక శుక్రవారం, జుమ్మా నమాజు రోజు డాక్టర్ సాబ్ వచ్చి గడప కాడ నిలబడి 'ఈయన తాగలే' అని ఒక్క మాట అంటే చాలనుకున్న. ఎవరూ రాలే."

ఎవరూ అన్నదాంట్ల నేను కూడా ఉన్న. ప్రయోగం చూపించిన, రెండు పేజీలు రాసిన, నా తెలివిని చూసి నేనే మురిసిన. ఎదురింటి మనిషికి ఏం కావాలెనో ఒక్కనాడు అడగలే. అధికారిని, డాక్టరును తిట్టినన్ని తిట్లు ఆ రోజు బండిల తిరిగొస్తూ నన్ను నేను తిట్టుకున్న.

మరుసటి శుక్రవారం మధ్యాహ్నం బడి నుంచి నేరుగ మసీదు కాడికి పోయిన. నమాజు అయి జనం చెప్పులు తొడుక్కుంటుండ్రు. నేను అక్కడ ఎన్నడూ నిలబడ్డోన్ని కాదు, అందరూ చూసిండ్రు. ఉర్దూల, నాకు సైన్సు నేర్పిన భాషల, ఉన్నదున్నట్టు చెప్పిన. చాచా తాగలే. స్పిరిటు నీళ్లు కలిస్తే జాగ తగ్గుతది. అధికారి చేతుల కూడా తగ్గింది, నేను కండ్లార చూసిన.

శానమంది తలలూపిండ్రు. బట్టల దుకాణం నడిపే ఒకాయన, ఆ రోజులల్ల చాచాను చూసి అందరికంటె ఎక్కువ నవ్వినాయన, నా భుజం మీద చెయ్యి ఏసి అన్నడు:

"మాస్టర్ సాబ్, గింత దూరం వచ్చి చెప్పాల్నా? ఆయన తాగడని మాకు ముందుగాలనే తెలుసు."

"తెలిస్తే మరి ఎందుకు నవ్విండ్రు?"

ఆయన నన్ను చిన్నపిల్లగాన్ని చూసినట్టు చూసిండు. "పెద్దసారు అన్నడు గద" అన్నడు.

నెత్తి మీద ఎండ కొడుతుండె, బడిల మూడు గంటలకు తొమ్మిదో తరగతి ఉన్నది. పోయి పాఠం చెప్పిన.